పద్దు వ్రాయని యుపకారములు

(సంఘ సభ్యుల పఠనమునకును గ్రామసభలో చర్చకును)



మన సంఘమున ప్రతి సభ్యునికిని ఒక పద్దు కలదు. ఎవరెంత అప్పు తీసికొనిరో, ఎంత చెల్లించిరో, ఎంత వాటాధనము నిలువయున్నదో చిట్టాయందును ఆవర్జాయందును వ్రాయబడియుండును. వ్రాయని రూపాయి వివాదమునకు మూలమని సంఘ వ్యవహార మెఱిగిన వారందఱకును తెలియును.

అయితే మనకు ప్రతిదినమును అప్పిచ్చుచు, పత్రము వ్రాయించుకొనక, జామీను అడుగక, వాయిదా పెట్టక యున్న సాహుకారు ఒకడు మన యిండ్లచెంతనే కలడు. వాని పద్దును మనలో నెవ్వరును వ్రాసికొన్నవారు కారు. గట్టుమీది చెట్టు, మడిలోని మన్ను, కొండనుండి దిగు వాగు, పంటపై వ్రాలు పిట్ట, ఇవన్నియు ఆ సాహుకారు పంపిన సొమ్ములే. ఆ పద్దును ఎందుకు వ్రాసికొనవలెనో, ఎట్లు వ్రాసికొనవలెనో ఈ నెల పాఠమున ముచ్చటింతము.

1. నీడ ఏ పద్దు?

ముందుగా నా తప్పు నొకదానిని చెప్పుకొందును. ఇతరులకు పాఠము చెప్పబూనినవాడు తన తప్పుతో మొదలుపెట్టుట మర్యాద.

నేను శిక్షణ ముగించుకొని క్రొత్తగా ప్రదర్శన క్షేత్రములు వేయించుచున్న దినములవి. నర్సీపట్నమునకు కొలది మైళ్ల దూరమున మా తండ్రిగారికి రెండున్నర ఎకరముల చెఱకుభూమి కలదు. దాని పడమటి గట్టుమీద మా తాతగారి నాటి కానుగచెట్టు ఒకటి యుండెడిది. మధ్యాహ్నము తిరిగినపిమ్మట దాని నీడ మడిలో పడుచుండెను. ఆ నీడలో చెఱకు సన్నముగా పెరుగుట చూచి నేను టేపు తెచ్చి కొలిచితిని. ఐదు సెంట్లు తేలినది. ఎకరమునకు 30 టన్నుల చొప్పున ఐదు సెంట్లకు టన్నున్నర చెఱకు. నీడపట్టున కూడ కొంత పంట వచ్చునుగదా యను సంగతియైనను నేను ఆలోచింపలేదు. "నాన్నా, ఈ చెట్టు ఏడాదికి టన్నున్నర చెరకు తినేస్తోంది. కొట్టించేద్దాం" అంటిని. మా తండ్రిగారు కొంతసేపు చెట్టువైపు చూచి, "చదువుకున్నోడివి, నీ ఇష్టం బాబూ" అని ఊరకుండిరి.

మాఘమాసమున చెట్టు కొట్టించితిమి. ఒక పూటలో పని ముగిసినది. మ్రాను ఇటుకబట్టీవారు కొనిపోయిరి. నిజము దాచరాదు. తరువాతి రెండేండ్లు ఆ మూల చెఱకు బాగుగనే వచ్చినది. నేను సంతోషించి రెండు మూడు గ్రామములలో ఆ సంగతి గొప్పగా చెప్పితిని గూడ.

మూడవ యేట శ్రావణమున పెద్దవానలు కురిసినవి. గట్టులోని కానుగవేళ్లు అప్పటికి చివికిపోయినవి. సరిగా ఆ మొద్దు ఉన్నచోటనే గట్టు తెగి, మా పైమన్ను పల్లపు మడులలోనికి కొట్టుకొనిపోయినది. గట్టు మరల వేయించుటకు కూలి పెట్టవలసివచ్చెను. అంతకుముందు ఏటేట ఆ చెట్టు కొమ్మలు నఱికి నారుమడిలో రొట్టగా త్రొక్కించుచుంటిమి. అదియు పోయినది. కలుపుతీయు ఆడువారు పగటియన్నము తినుటకు దూరముననున్న చింతచెట్టు క్రిందికి పోయివచ్చుచుండిరి. ఎద్దులను ఎండవేళ కట్టుటకు చోటు లేక పొద్దు నడినెత్తికి రాకముందే అరక విప్పవలసివచ్చెను.

ఒకనాడు నేను లెక్కల పుస్తకము తెఱచి గట్టుఖర్చు వ్రాయుచుండగా మా తండ్రిగారు వచ్చి ప్రక్కన కూర్చుండిరి. "బాబూ, నీ లెక్క బాగానే ఉంది. నీడని ఏ పద్దు కింద రాసినావు?" అని యడిగిరి. ఆ మాటలో కోపము లేదు. తెలిసికొనగోరి యడిగినట్లే యడిగిరి. నాయొద్ద జవాబు లేకపోయెను. నా పుస్తకమున చెఱకునకు పద్దు కలదు, కూలికి కలదు, ఎఱువునకు కలదు. నీడకు లేదు. గట్టును పట్టియుంచిన వేళ్లకు లేదు.

ఆ తొలకరిలోనే రెండు కానుగమొక్కలు తెచ్చి ఉత్తరపు గట్టున నాటితిని. అటువైపు కాలువదారి యున్నది గనుక నీడ చాలవఱకు దారిమీద పడునుగాని మడిలో అంతగా పడదు. ఈ యుపాయము నాకు మొదటనే తోచవలసినది. రెండు వేసవులు మా తండ్రిగారే కుండతో నీరు మోసి పోసిరి. మొక్కలు నడుమెత్తున నుండగనే వారు కాలధర్మము నొందిరి. నేడు ఆ చెట్లక్రింద పదిమంది కూర్చుండి అన్నము తినుచున్నారు. నేనును తినుచున్నాను. కూర్చుండినప్పుడెల్ల ఆ ప్రశ్న జ్ఞప్తికి వచ్చుచున్నది.

నీడ విలువ ఎఱుగనివాడను నేనొక్కడనే కాను. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము వద్ద తీరమును దాటినప్పుడు మన్యమున కాఫీతోటలకు నీడనిచ్చు సిల్వరుఓకు చెట్లు విస్తారముగా కూలిపోయినవి. కాఫీమొక్క నీడయందు పెరుగునది. నీడచెట్టు కూలినచోట మొక్కలు కొన్ని మ్రానుక్రింద నలిగినవి, మిగిలినవి ఎండకు గుఱియైనవి. ఆ చెట్లకు ప్రాకించిన మిరియపుతీగెలును పోయినవి. కాఫీకి ధర కట్టువారు చాలమంది కలరు. నీడకు ధర యెంతయో తుపాను మఱునాడు గాని తెలిసిరాలేదు.

పద్దు వ్రాయనిదానిని మనము ఉచితమనుకొందుము. ఉచితమనుకొన్నదానిని అన్నిటికంటె ముందు పోగొట్టుకొందుము. కావున కృతజ్ఞత యనగా చేతులు జోడించుట మాత్రమే కాదు. పొందినదానిని పొందితినని మొదట లెక్కలో వ్రాసికొనుట కృతజ్ఞత.

ఇక మన గట్టునుండి కొండవఱకు కొన్ని పద్దులను వ్రాసి చూతము.

2. వాన పద్దు

ఒక అంగుళము వాన కురిసినదందుము. అది ఎంతనీరో ఎప్పుడైన లెక్కించితిరా? ఎకరము నేలపై అంగుళము వాన యనగా సుమారు 1,02,800 లీటర్లు. పదునైదు లీటర్లు పట్టు బిందెతో కొలిచినచో 6,850 బిందెలు. ఒక మనిషి దినమునకు నూఱు బిందెలు మోసినను 68 దినములు పట్టును. ఆ పనిని మేఘము ఒక సాయంకాలమున చేసి, కూలి యడుగక పోవుచున్నది.

ఈ నీటిలో మనము నిలుపుకొన్న దెంత? పాఱవిడిచిన దెంత? గట్టు గట్టిగానున్న మడి, చెత్త కప్పిన నేల, పూడిక తీసిన చెఱువు, ఇవి మనము వానకు చూపు మర్యాద. అతిథి వచ్చునప్పటికి తలుపు మూసియుంచి, వెళ్లినపిమ్మట రాలేదని నిందించుట తగునా? వానలు లేవని వేసవిలో వగచువారము వానలకు ముందు కాలువ పూడిక తీయుటకు ఒక పూట వెచ్చింపమైతిమేని తప్పు వానది కాదు.

3. మన్ను పద్దు

మడిలో పిడికెడు మన్ను తీసి విప్పి చూడుడు. వానపాములున్నచో ఆ నేల బ్రతికియున్నదని యెఱుగుడు. ఇంగ్లండు దేశీయుడైన చార్లెసు డార్విను వానపాములను అనేక సంవత్సరములు పరీక్షించి 1881లో ఒక గ్రంథము ప్రకటించెను. ఆ దేశమున పెక్కుచోట్ల ఎకరమునకు ఏటికి పది టన్నులకు మించిన మన్ను వానపాముల కడుపులగుండా పోయి పైకి వచ్చుచున్నదని యాయన లెక్కకట్టెను. బండికి అరటన్ను చొప్పున ఇరువది బండ్ల మన్ను! మన నేలలు వేఱు, మన ఎండలు వేఱు, లెక్కయు వేఱుగా నుండవచ్చును. పనిమాత్రము ఒక్కటే. నాగలి పోనిచోటికి అవి పోయి నేలను గుల్లచేయును, నీరు దిగుటకు దారి చేయును.

వానికి మనమిచ్చు కూలి యేమి? కోత యయినవెంటనే గడ్డికి, చెఱకుచెత్తకు నిప్పుపెట్టుట! చెత్తను కాల్చినచో నేలకు ఆహారము పోవును, నేలపైనుండు జీవములు మాడును. అదే చెత్తను కార్సితోటలో వరుసల నడుమ పఱచినచో తేమ నిలుచును, కలుపు తగ్గును, క్రమముగా ఎఱువగును.

4. గాలి పద్దు

ఎకరము పొలముపైనున్న గాలిలో సుమారు 30 వేల టన్నుల నత్రజని కలదు. అయితే వరిమొక్క దానిని నేరుగా తినలేదు. పప్పుజాతి మొక్కల వేళ్లకుండు బుడిపెలలో నివసించు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందించునని హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అను జర్మను శాస్త్రజ్ఞులు 1886లో వెల్లడించిరి. మన పెద్దలకు బుడిపెలలోని జీవముల సంగతి తెలియకపోయినను వరికోత తరువాత మినుము, పెసర చల్లినచో మఱుసటి పంట బాగుండునని తెలియును.

నలువదియైదు కిలోల యూరియా బస్తాలో నత్రజని సుమారు 20 కిలోలు. తొలకరిలో జీలుగ చల్లి, పూతకు ముందు కలియదున్నినచో, బాగుగా పెరిగిన జీలుగ ఎకరమునకు అంతకు తక్కువ కాకుండ నత్రజని నీయగలదు. కానుగపిండిలో నూటికి నాలుగు పాళ్లు నత్రజని కలదు. బస్తాకు రసీదు కలదు గనుక దాని విలువ మనకు గుర్తున్నది. బుడిపె రసీదు ఇయ్యదు. ఆ రసీదును మనమే వ్రాసికొనవలెను.

5. పిట్టల పద్దు

దసరానాడు పాలపిట్టను చూచుటకు ఊరివెలుపలికి పోవుదుము. కనబడినచో శుభమని సంతోషింతుము. ఆ పిట్ట తక్కిన దినములలో ఏమి చేయుచున్నదో చూచితిమా? తీగెమీదనో మోడుమీదనో కూర్చుండి, నేలమీది మిడతలను పురుగులను పట్టి తినుచున్నది. చీలినతోక గల నల్లని పసులపోలిగాడు పశువుల వెంట తిరుగుచు, అవి అడుగువేసినప్పుడు లేచు పురుగులను పట్టుచున్నది. దుక్కి దున్నునప్పుడు నాగటిచాలు వెంట కొంగలు నడచును. వానికి మనము కూలి మాట్లాడలేదు.

గుడ్లగూబ సంగతి చెప్పనేల? అపశకునమని రాళ్లతో తఱుముదుము. అదియో, రాత్రియంతయు మన చెఱకుతోటల చుట్టును కావలి తిరిగి ఎలుకలను పట్టుచున్నది. చెఱకునకు ఎలుక చేయు చెఱుపు మీకు నేను చెప్పనక్కఱలేదు. కావలివానిని దొంగయని కొట్టు గ్రామమున దొంగలు సుఖింతురు.

ఈ పద్దునకు చెల్లింపు మిక్కిలి సులభము. ఎకరమునకు 15 మొదలు 20 వఱకు పక్షిస్థావరములు నాటుడు. నిలువుకఱ్ఱకు అడ్డకఱ్ఱ కట్టినచో చాలును. పైరుకంటె అడుగు ఎత్తుగా నుండవలెను. గింజ పాలుపోసుకొను దశలో గింజలు తిను పిట్టలు చేరకుండ వానిని తీసివేయవలెను. గట్టుమీది తాటిచెట్టును పడగొట్టుటకు ముందు దానికి వ్రేలాడు గిజిగాని గూళ్లను ఒకసారి లెక్కించుడు. తాటిచెట్టు కాపునకు వచ్చుటకు పండ్రెండు మొదలు పదునైదు సంవత్సరములు, కొన్నిచోట్ల అంతకు మించియు పట్టును. నేడు ముంజెలు తినువాడు నాటినవాడు కాడు.

6. కొండ పద్దు

నర్సీపట్నములో నిలుచుండి వాయవ్యముగా చూచినచో కొండలు కనబడును. కనబడుచునే యుండును గనుక వానిని మనము చూడము. వరాహనది మన కొండలలో పుట్టి పల్లమునకు దిగుచున్నది. తాండవ నీరును కొండలదే. నాతవరము మండలమున తాండవపై 1970వ దశకమున పూర్తియైన జలాశయము క్రింద సుమారు 51 వేల ఎకరముల ఆయకట్టు కలదు. ఆనకట్ట మనుష్యుల పని. ఆనకట్టకు నీటిని చేర్చుట అడవి పని. కొండమీద ఆకు, వేరు, మెత్తని నేల ఉన్నంతకాలము వాన మెల్లగా దిగును. అవి పోయినచో వాన ఒక్కసారిగా దిగి మన్నును తెచ్చి జలాశయమున పోయును.

కొండ ఇచ్చునది నీరు మాత్రమే కాదు. వరాహయొడ్డున నున్న ఏటికొప్పాకను తీసికొనుడు. అంకుడు అను చెట్టు దూలమునకు పనికిరాదు, నాగలికి పనికిరాదు. దానిని వంటచెఱకుగా తలచువారే పెక్కురు. ఏటికొప్పాక పనివారు ఆ మెత్తని కఱ్ఱను తరిణపట్టి, లక్కతోను, ఆకులు, బెరడులు, గింజలు, వేళ్లనుండి తీసిన రంగులతోను బొమ్మలు చేసి దేశదేశములకు పంపుచున్నారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. ప్రకృతి రంగుల విషయమున కృషిచేసిన ఆ గ్రామవాసి సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ లభించినది. మన దేశమున తొలినాటి సహకార చక్కెర కర్మాగారములలో నొకటి వెలసినదియు ఈ ఏటికొప్పాకలోనే. పనికిరానిదని మనము త్రోసివేసిన కఱ్ఱ, మఱియొకడు తేఱిపాఱచూచినందున అన్నము పెట్టుచున్నది.

చెంతనున్నదాని విలువ దారి మూసినప్పుడు మఱింత తెలియును. 1882 నాటి మద్రాసు అడవి చట్టము మన్యపువారి పోడునకును, అడవినుండి ఆకు, కాయ, కఱ్ఱ తెచ్చుకొనుటకును అడ్డుగోడ యయ్యెను. ఆ బాధకు ఘాటురోడ్ల వెట్టిచాకిరి తోడయ్యెను. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుస్టేషన్లపై అల్లూరి సీతారామరాజు జరిపిన దాడుల వెనుక ఈ దుఃఖము కలదు. 1924 మే 7వ తేదీన ఆయన ప్రాణము గొనబడెను. ఆయన సమాధి మన గొలుగొండ మండలములోని కృష్ణదేవిపేటలో కలదు. పిదప గిరిజనుల చింతపండు, తేనె, అడ్డాకు, కుంకుడుకాయలను కొనుటకు 1956లో గిరిజన సహకార సంస్థ యేర్పడినది. అటవీహక్కుల చట్టము 2006లో వచ్చినది. మన ముంగిటి చింతచెట్టుక్రింద రాలిన కాయను ఏరుకొనుటకు మనల నెవ్వరును అడ్డగించుట లేదు. ఆ కాయ ఏరుకొను స్వేచ్ఛకొఱకు ప్రాణములిచ్చినవారు మనకు ఇరుగుపొరుగువారే యని యెఱుగుట గూడ ఈ పద్దులో చేరవలెను.

7. ఒక రైతు అడిగిన ప్రశ్న

ఈ మాటలనే ఒక గ్రామసభలో చెప్పుచుండగా వెనుకవరుసనుండి పెద్దరైతు ఒకరు లేచి, "అయ్యా, మీరు చెప్పింది వినసొంపుగానే ఉంది. పిట్టని చూసి దణ్ణం పెడితే సొసైటీ కిస్తీ తీరిపోద్దా?" అని యడిగిరి. సభ నవ్వినది. నేను నవ్వలేకపోతిని. ఆయన ఆ యేడు రెండుసార్లు నారు పోసి రెండుసార్లును పోగొట్టుకొన్నవారు.

"తీరదు తాతా" అంటిని. వేఱుమాట చెప్పుట అబద్ధమగును.

కృతజ్ఞత యనగా దొరికినదానితో నోరుమూసికొని తృప్తిపడుమనుట కాదు. గిట్టుబాటు ధర అడుగుట, తూకములో మోసమును ఎదుర్కొనుట, భీమాసొమ్ము రానప్పుడు అర్జీ పెట్టుట, ఇవి వేఱు కర్తవ్యములు. వానిని విడువరాదు. పిట్టపాట వినుమని చెప్పి ధరమాట దాటవేయువానిని నమ్మకుడు.

అయినను నేను చూచిన సంగతి ఒకటి చెప్పుదును. అప్పును మాత్రమే లెక్కించుచు కూర్చున్నవానికి కొంతకాలమునకు పొలమే పగవానివలె కనబడును. అటువైపు పోబుద్ధి కాదు. పోకున్నచో గట్టు తెగుట తెలియదు, పురుగు పడుట తెలియదు, కాలువకు గండిపడుట తెలియదు. నష్టముపై నష్టము. దినమున కొకసారి పొలము చుట్టి, అక్కడ బాగున్నది యేదో ఒకటి చూచి వచ్చు అలవాటు గలవానికి బాగులేనిదియు వేళకు కనబడును. మంచిని చూచు కన్నును చెడును పట్టు కన్నును రెండు కావు.

సభ ముగిసినపిమ్మట ఆ పెద్దరైతు నన్ను తమ పొలమునకు తీసికొనిపోయిరి. పోయిన నారుమడిని చూపిరి. దానిప్రక్కన గట్టుమీద తాము నాటిన ఆఱు కొబ్బరిమొక్కలనుగూడ చూపిరి. "ఇవి మాత్రం ఉన్నాయి" అనిరి. అది నా ఉపన్యాసముకంటె మంచి పాఠము.

8. ఆచరణ

నేను చదివిన మిషను పాఠశాలలో ప్రకృతిపాఠము చెప్పు మాస్టరుగారు మాకొక నియమము పెట్టిరి. ఇంటినుండి బడికి వచ్చు దారిలో నిన్న చూడని వస్తువు నొకదానిని నేడు చూచి పలకమీద వ్రాసి చూపవలెను. మొదటి వారము సులభముగా నుండెను. రెండవ వారమున వస్తువులు అయిపోయినవనుకొంటిమి. మూడవ వారమునుండి నిజముగా చూచుట నేర్చుకొంటిమి. అరమైలు దారి ఏడాదిపొడుగున తఱుగలేదు. ఆ నియమమునే కొంచెము మార్చి మీ ముందుంచుచున్నాను.

ఒకటి: పిల్లల పాత నోటుపుస్తకము నొకదానిని తీసి పుటను నిలువుగా రెండు భాగములు చేయుడు. ఎడమవైపు "జమ", కుడివైపు "చెల్లింపు" అని వ్రాయుడు.

రెండు: వారమున కొకదినమున పొలముగట్టు చుట్టును తొందరలేక నడువుడు. ఆ నడకలో పని పెట్టుకొనవలదు. డబ్బు ఇయ్యక పొందినది ఒకటి చూచి జమవైపు వ్రాయుడు. "వేపనీడలో రెండు గంటలు పని సాగినది", "కొంగలు నాలుగు చాలువెంట నడచినవి", "వాగునీరు ఇంకను పాఱుచున్నది", ఈ రీతిగా ఒక్క వాక్యము చాలును. వ్రాయనేరనివారు చెప్పినచో పిల్లలు వ్రాయుదురు. పిల్లలకు దీనికంటె మంచి చదువు లేదు.

మూడు: నెలకొకసారి జమవైపు చూచి కుడివైపు ఒక్క చెల్లింపు వ్రాసి, దానిని నెఱవేర్చుడు. చెట్టుకు మొక్కయు, మన్నునకు చెత్తయు, పిట్టకు స్థావరమును, వాగునకు పూడికతీతయు చెల్లింపులు.

నాలుగు: చెట్టు నఱుకవలసి వచ్చినచో నఱుకుడు. వలదని చెప్పుటకు నాకు అధికారము లేదు. నఱుకుటకు ముందు మాత్రము దాని జమలన్నియు, నీడతో సహా, ఒక కాగితముమీద వ్రాసి ఇంటివారందఱకు చదివి వినిపింపుడు. పిమ్మటను నఱుకవలెననిపించినచో, దానికి ముందుగా రెండు మొక్కలు తగినచోట నాటుడు.

ఐదు: ఒంటరిగా తీఱని చెల్లింపులు కొన్ని కలవు. చెఱువుగట్టున మొక్కలు, కాలువ పూడిక, దారిప్రక్క నీడచెట్లు ఇట్టివి. ఇవి సంఘము చేయదగినవి. వాటాధనము చిన్నదైనను పదిమంది కలిపినచో సంఘమైనట్లే, ఒక్కొక్కరి ఒక్కపూట పనిని కలిపినచో కాలువ బాగగును.

మన పెద్దలకు ఈ పద్దు తెలియనిది కాదు. ఏరువాకపున్నమనాడు ఎద్దులకు, నాగలికి పూజచేసిరి. కనుమనాడు పశువులను కడిగి అలంకరించిరి. సంవత్సరమున కొన్ని దినములను కృతజ్ఞతకై కేటాయించి యుంచిరి. మనము పండుగను నిలుపుకొని లెక్కను మఱచితిమి. పూజచేసిన మఱునాడే గడ్డివామును కాల్చి, ఎద్దునకు మేత లేదని వగచుట చూచుచున్నాము.

ఆరుగాలము కష్టపడు మనకు తీఱిక తక్కువ. కాని ఈ నడకకు దూరము పోనక్కఱలేదు, చీటీ కొననక్కఱలేదు. మీ గట్టువఱకు పోయినచో చాలును. ఈ నెల మీ పుస్తకమున మొదటిపద్దుగా మీ తండ్రియో తాతయో నాటిన చెట్టు నొకదానిని, నాటినవారి పేరుతో సహా, వ్రాయుడు. ఆ చెట్టు లేకున్నచో అది యుండిన చోటును వ్రాయుడు. అక్కడనే చెల్లింపు మొదలుపెట్టవచ్చును.

చర్చకు ప్రశ్నలు

1. మీ పొలమున డబ్బు ఇయ్యక పొందుచున్న ఉపకారములు ఎన్ని? ఐదింటిని పేర్కొనుడు.
2. మీ గ్రామమున గడచిన పది సంవత్సరములలో పోయిన చెట్లు, చెఱువులు, వాగులు ఎవ్వి? పోకముందు వానివలన కలిగిన లాభమును ఎవరైన లెక్కించిరా?
3. ఎకరమునకు రెండు అంగుళముల వాన కురిసినచో ఎన్ని బిందెల నీరు? మీ మడి దానిలో నెంత నిలుపుకొనగలదు?
4. గట్టుమీద చెట్టు ఏ దిక్కున నున్నచో పైరుపై నీడ తక్కువగా పడును? మీ పొలమున కొలిచి చెప్పుడు.
5. రాబోవు తొలకరిలోగా మన సంఘము కలిసి చేయదగిన చెల్లింపు ఒకటి నిర్ణయించి, తేదీతో సహా తీర్మానముల పుస్తకమున వ్రాయుడు.